ప్రొపేన్-ప్రొపిలీన్ పీఎస్ఏ డిజైన్: ఎవరికి ఏ సిమ్యులేషన్ దారి?

ప్రొపిలీన్ మైనస్ 47.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ప్రొపేన్ మైనస్ 42.1 దగ్గర. మధ్యలో తేడా ఆరు డిగ్రీలు కూడా లేదు. అందుకే వీటిని స్వేదనంతో విడదీయాలంటే వందకు పైగా ట్రేలున్న పొడవాటి కాలమ్, దానికి తగ్గ రిఫ్లక్స్, రీబాయిలర్‌కు బోలెడంత వేడి కావాలి. ఇథిలీన్, ప్రొపిలీన్‌ల శుద్ధికే ప్రపంచం వాడే మొత్తం శక్తిలో దాదాపు 0.3 శాతం పోతోందని షోల్, లైవ్లీ అనే శాస్త్రవేత్తలు 2016లో నేచర్ పత్రికలో రాశారు. విశాఖ రిఫైనరీలో ఉన్నటువంటి ఎఫ్‌సీసీ యూనిట్ (బరువైన నూనెలను ఉత్ప్రేరకంతో విడగొట్టేది) ఎక్కడున్నా, దాని నుంచి వచ్చే ఎల్‌పీజీలో ఈ రెండు వాయువులూ కలిసే ఉంటాయి.

జియోలైట్ అనే సూక్ష్మ రంధ్రాల పదార్థపు గుళికలు నింపిన బెడ్‌లో ప్రొపిలీన్‌ను పట్టి ఉంచి, తర్వాత పీడనం తగ్గించి విడిపించుకోవడం దీనికి ఒక ప్రత్యామ్నాయం. దీన్నే ప్రెషర్ స్వింగ్ అడ్సార్ప్షన్, పొట్టిగా పీఎస్ఏ అంటారు. వాక్యూమ్ కూడా వాడితే వీపీఎస్ఏ అవుతుంది. బెడ్ ఎంత పొడవుండాలి, ఒక్కో దశ ఎన్ని సెకన్లు నడవాలి, ఏ పీడనాల మధ్య తిప్పాలి అనేవి ప్రయోగాలతోనే తేల్చాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి సిమ్యులేషన్ తప్పదు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆస్పెన్ అడ్సార్ప్షన్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా, జీప్రామ్స్ నేర్చుకోవాలా, పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో సొంత కోడ్ రాసుకోవాలా, కాంసోల్ సరిపోతుందా, లేక రాస్పాతో అణువుల స్థాయి నుంచే మొదలుపెట్టాలా? ఎంటెక్ ప్రాజెక్టు చేసేవారూ, పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నవారూ, ప్లాంట్‌లో పనిచేసే ప్రాసెస్ ఇంజినీర్లూ ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాఫ్ట్‌వేర్ ఎంపిక రెండో ప్రశ్న. మీ అడ్సార్బెంట్ (వాయువును పట్టి ఉంచే పదార్థం) ఏది, అది ప్రొపిలీన్‌ను ఏ కారణంతో ఎంచుకుంటోంది అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే సగం ఎంపికలు వాటంతట అవే తప్పుకుంటాయి.

## ముందు అడ్సార్బెంట్ సంగతి

13ఎక్స్ జియోలైట్ రంధ్రాల కిటికీలు సుమారు 7.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండు వాయువులూ సులువుగా లోపలికి పోతాయి. ప్రొపిలీన్‌లోని డబుల్ బాండ్‌కు సోడియం అయాన్లతో ఆకర్షణ ఎక్కువ కాబట్టి అది ఎక్కువగా నిలుస్తుంది. ఇక్కడ ఎంపిక సమతాస్థితి మీద ఆధారపడింది. మోడల్‌లో ఐసోథెర్మ్ (ఏ పీడనం దగ్గర ఎంత వాయువు పడుతుందో చెప్పే రేఖ), వేడి సరిగా ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే.

4ఏ కథ వేరు. కిటికీ సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌లే. ప్రొపిలీన్ నెమ్మదిగానైనా దూరుతుంది, ప్రొపేన్ మాత్రం దాదాపు బయటే ఉండిపోతుంది. గది ఉష్ణోగ్రతలో ప్రొపిలీన్ కూడా మరీ నెమ్మదిగా దూరుతుంది కాబట్టి, పరిశోధకులు 150 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నడిపి చూశారు. ఇక్కడ ఎంపిక వేగం మీద, అంటే కైనెటిక్స్ మీద ఆధారపడింది. మోడల్‌లో వ్యాప్తి సమీకరణం తప్పితే ఫలితం మొత్తం తప్పుతుంది.

వెండి, రాగి అయాన్లు ఎక్కించిన అడ్సార్బెంట్లు మూడో రకం. ఇవి ప్రొపిలీన్‌ను పై-కాంప్లెక్సేషన్ అనే బలహీన రసాయన బంధంతో పట్టుకుంటాయి. వీటికి ప్రామాణిక డేటా దొరకడం కష్టం, కాబట్టి సిమ్యులేషన్‌కు ముందు ల్యాబ్ పని చాలా ఉంటుంది.

## ఏ కొలమానాలతో పోల్చాలి

కైనెటిక్స్ సమీకరణాన్ని మీ చేతులతో మార్చుకోగలరా అన్నది మొదటిది. చాలా ప్యాకేజీల్లో సులువుగా దొరికేది ఎల్‌డీఎఫ్, అంటే గుళిక లోపలి వ్యాప్తిని ఒకే ఒక్క స్థిరాంకంతో సరిపెట్టే పద్ధతి. ఆ స్థిరాంకంలో వచ్చే 15 అనే గుణకం నిదానంగా సాగే ప్రక్రియలకు బాగా నప్పుతుంది. సైకిల్ సమయం వ్యాప్తి సమయంతో పోలిస్తే మరీ చిన్నదైతే ఆ 15 చెల్లదని నకావో, సుజుకి 1983లోనే చూపించారు. 4ఏ వాడేవారు తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. 13ఎక్స్ వాడేవారు అంతగా దిగులు పడనక్కరలేదు.

రెండోది వేడి. జియోలైట్ల మీద ప్రొపిలీన్ అధిశోషణ ఉష్ణం (అంటుకున్నప్పుడు వెలువడే వేడి) మోలుకు 40 కిలోజౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక కిలో జియోలైట్ ఒక మోలు ప్రొపిలీన్ పట్టుకుందనుకోండి. జియోలైట్ ఉష్ణ సామర్థ్యం కిలోకు, డిగ్రీకి దాదాపు ఒక కిలోజౌల్. అంటే వేడి బయటికి పోకపోతే బెడ్ 40 డిగ్రీల దాకా వేడెక్కగలదు. అలాంటి చోట ఉష్ణోగ్రత మారదని అనుకుని గీసిన వక్రరేఖలు అందంగా ఉంటాయి గానీ ప్లాంట్‌కు పనికిరావు. పైగా రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న ల్యాబ్ కాలమ్ గోడ గుండా వేడిని వదిలేస్తుంది. రెండు మీటర్ల వ్యాసమున్న బెడ్‌కు ఆ వెసులుబాటు దాదాపు ఉండదు. ల్యాబ్ డేటాకు సరిపోయిన గోడ ఉష్ణ గుణకాన్ని పెద్ద బెడ్‌కు అలాగే ఎక్కించకూడదు.

మూడోది సైకిల్ దశలు. 1950ల చివర్లో ఎస్సో కంపెనీలో స్కార్‌స్ట్రామ్ కనిపెట్టిన సైకిల్ నాలుగు దశలది. తక్కువగా అంటుకునే వాయువు స్వచ్ఛంగా కావాలంటే అది చక్కగా పనిచేస్తుంది. మనకు కావలసింది ఎక్కువగా అంటుకునే ప్రొపిలీన్, అదీ పాలిమర్ గ్రేడ్‌కు 99.5 శాతం స్వచ్ఛతతో. అందుకని ఫీడ్ తర్వాత ప్రొపిలీన్‌తోనే బెడ్‌ను కడిగే రిన్స్ దశ, ఆ తర్వాత మధ్య పీడనానికి ఒకసారి, వాక్యూమ్‌కు ఇంకోసారి దించే దశలు కావాలి. ఉత్పత్తిలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పాలి. ఈ తిప్పడాన్ని సాఫ్ట్‌వేర్ ఎంత సులువుగా రాయనిస్తుందో చూసుకోండి.

నాలుగోది చక్రీయ స్థిరస్థితికి చేరడానికి పట్టే సమయం. పీఎస్ఏ మామూలు అర్థంలో స్థిరపడదు. ప్రతి సైకిల్ ముందటి సైకిల్‌లాగే ఉండే దాకా నడపాలి. వేడి నిదానంగా కదులుతుంది కాబట్టి అందుకు వందల సైకిళ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడతాయి. ఒక్క డిజైన్‌కే ఇంత అయితే, ఆప్టిమైజేషన్‌లో వేల డిజైన్లు పరిశీలించాలి. ఇక లైసెన్స్ ఖర్చు, నేర్చుకునే సమయం ఎటూ ఉండేవే.

## కాగితం మీది లెక్క

దీన్ని ఎవరూ ఎంపికగా లెక్కపెట్టరు. నా దృష్టిలో అందరూ మొదలుపెట్టాల్సింది ఇక్కడే. లాంగ్‌మ్యూర్ అనే సరళమైన ఐసోథెర్మ్‌లో, వాయువు ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పే అఫినిటీ స్థిరాంకం బార్‌కు 10 అనుకుందాం. 5 బార్ దగ్గర బెడ్ 98 శాతం నిండుతుంది. 1 బార్‌కు దించితే ఇంకా 91 శాతం నిండే ఉంటుంది. అంటే అంత పీడనం తగ్గించినా చేతికొచ్చేది ఏడు శాతమే. 0.1 బార్ దాకా దించితే 50 శాతానికి వస్తుంది, అప్పుడు 48 శాతం దక్కుతుంది.

ఇప్పుడు ఉష్ణోగ్రత పెంచి అదే స్థిరాంకాన్ని 1కి తెద్దాం. మోలుకు 40 కిలోజౌళ్ల ఉష్ణమైతే 25 నుంచి సుమారు 75 డిగ్రీలకు వెళ్తే చాలు. అప్పుడు 5 బార్ నుంచి 1 బార్‌కు దించినా 33 శాతం దక్కుతుంది. 0.1 బార్‌కు దించితే 74 శాతం.

ఈ నాలుగు అంకెలు పది నిమిషాల పని. గది ఉష్ణోగ్రతలో 13ఎక్స్‌తో వాక్యూమ్ లేకుండా నడపాలన్న ఆలోచన ఎందుకు నిలవదో ఇవే చెప్పేస్తాయి. ఈ లెక్క స్వచ్ఛత, రికవరీ (ఫీడ్‌లోని ప్రొపిలీన్‌లో ఎంత చేతికొచ్చింది) చెప్పదు. ఏ పీడనాలు, ఏ ఉష్ణోగ్రతలు వెతకాలో మాత్రం చెబుతుంది.

## సొంత కోడ్: పైథాన్ లేదా మ్యాట్‌ల్యాబ్

బెడ్‌ను పొడవునా 30 ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కలో వాయు సంఘటన, పీడనం, ఉష్ణోగ్రత, గోడ ఉష్ణోగ్రత, రెండు వాయువుల అధిశోషిత మొత్తాలు. ఆరు చలరాశులు, 30 ముక్కలు, మొత్తం 180 అవకలన సమీకరణాలు. మ్యాట్‌ల్యాబ్‌లో ఓడీఈ15ఎస్, పైథాన్‌లో సైపై లైబ్రరీలోని బీడీఎఫ్ లేదా రాడౌ పద్ధతి వీటిని పరిష్కరిస్తాయి. జాకోబియన్ మాత్రికలో ఎక్కడెక్కడ సున్నాలున్నాయో ముందే చెబితే వేగం బాగా పెరుగుతుంది. చాలామంది ఈ చిన్న పని చేయక పైథాన్ నెమ్మది అని వదిలేస్తారు.

అసలు జాగ్రత్త ముక్కల మధ్య ప్రవాహాన్ని లెక్కించే చోట ఉంది. మొదటి ఆర్డర్ అప్‌విండ్ పద్ధతి తేలిక, ఎప్పుడూ కూలిపోదు. కానీ అది తనవంతుగా ఒక కృత్రిమ వ్యాపనాన్ని కలుపుతుంది. దాని విలువ వేగాన్ని ముక్క పొడవుతో గుణించి సగం చేస్తే వస్తుంది. ఒక మీటరు బెడ్, 20 ముక్కలు, సెకనుకు 0.1 మీటరు వేగం అనుకుంటే అది 0.0025 చదరపు మీటర్లు ప్రతి సెకనుకు. 1.6 మిల్లీమీటర్ల గుళికలతో నిజమైన అక్షీయ వ్యాపనం అదే వేగం దగ్గర సుమారు 0.00008 మాత్రమే. అంటే కంప్యూటర్ కలిపిన మసక అసలుదానికన్నా ముప్పై రెట్లు! 99.5 శాతం స్వచ్ఛత గురించి మాట్లాడేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. వాన్ లీర్ లాంటి ఫ్లక్స్ లిమిటర్ గానీ, వీనో పద్ధతి గానీ వాడితే 30 ముక్కలతోనే పదునైన ఫ్రంట్ వస్తుంది.

సొంత కోడ్ లాభం ఏమిటంటే ప్రతి సమీకరణం మీ కళ్ల ముందే ఉంటుంది. 4ఏ కోసం గాఢతతో మారే వ్యాప్తి గుణకం పెట్టాలంటే కొన్ని వరుసలు మారిస్తే చాలు. లైసెన్స్‌ల అడ్డు లేకుండా, ముఖ్యంగా పైథాన్‌లో, ఎన్ని కోర్లుంటే అన్నింటి మీదా జెనెటిక్ ఆల్గోరిథం నడపొచ్చు. నష్టం కూడా చిన్నదేమీ కాదు. కవాటాల సమీకరణాలు, దశ మారే క్షణంలో సరిహద్దు షరతులు, ప్రవాహం వెనక్కి తిరిగే సందర్భాలు, అన్నీ మీరే చూసుకోవాలి. కోడింగ్ మీద పట్టున్నా నమ్మదగిన పూర్తి సైకిల్ మోడల్‌కు ఒక సెమిస్టర్ పడుతుందనుకోండి.

## ఆస్పెన్ అడ్సార్ప్షన్

ఒకప్పటి ఆస్పెన్ యాడ్‌సిమ్ ఇదే. బెడ్లు, కవాటాలు, ట్యాంకులు తెర మీద కలిపి, సైకిల్ ఆర్గనైజర్‌లో దశలు రాస్తే మోడల్ సిద్ధం. లాంగ్‌మ్యూర్, డ్యూయల్ సైట్ లాంగ్‌మ్యూర్, ఐఏఎస్‌టీ (శుద్ధ వాయువుల డేటా నుంచి మిశ్రమాన్ని అంచనా వేసే పద్ధతి) లాంటి ఐసోథెర్మ్‌లు జాబితాలోనే ఉంటాయి. ఒక బెడ్‌నే లెక్కించి మిగతా బెడ్లతో సంబంధాన్ని గుర్తుపెట్టుకునే బ్లాక్ ఉండటం వల్ల నాలుగు బెడ్ల యూనిట్ కూడా భరించగలిగే సమయంలో నడుస్తుంది. బ్రేక్‌త్రూ డేటా (బెడ్ నిండి వాయువు అవతలి చివర ఎప్పుడు బయటపడుతుందో కొలిచినది) ఇస్తే గుణకాలను సరిపోల్చి పెడుతుంది.

13ఎక్స్‌తో పనిచేసే ప్లాంట్ ఇంజినీర్‌కు ఇది మొదటి ఎంపిక అంటాను. తన సహోద్యోగులు తెరిచి చూడగలిగే ఫైల్, కన్సల్టెంట్లకు తెలిసిన భాష అదే. 4ఏ దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. సొంత ఉపమోడల్ రాసుకునే వీలు ఉంది గానీ, రాయడం కన్నా అందులో తప్పు వెతకడం కష్టం. ఇంకో మాట: అప్‌విండ్ పద్ధతి, 20 నోడ్లు అలాగే వదిలేసి నడిపేవారు చాలామంది. పైన చెప్పిన ముప్పై రెట్ల లెక్క వారికి కూడా వర్తిస్తుంది. సెట్టింగుల్లో ఫ్లక్స్ లిమిటర్ ఉంది, దాన్ని ఎంచుకోండి.

ఐఏఎస్‌టీ ప్రతి నోడ్‌లో ప్రతి క్షణం ఒక చిన్న పునరావృత లెక్క అడుగుతుంది, అందుకే నెమ్మది. ప్రొపేన్, ప్రొపిలీన్ అణువుల పరిమాణం దగ్గరదగ్గరగా ఉంటుంది కాబట్టి డ్యూయల్ సైట్ లాంగ్‌మ్యూర్‌తో చాలాసార్లు సరిపోతుంది. మీ మిశ్రమం మీథేన్-ప్రొపేన్ అయితే సంతృప్త సామర్థ్యాలు బాగా తేడాగా ఉంటాయి. అప్పుడు సాధారణ విస్తరిత లాంగ్‌మ్యూర్ థర్మోడైనమిక్స్‌కు పొసగదు, ఐఏఎస్‌టీ సమయం తిన్నా భరించాలి.

ఇంజినీరింగ్ కాలేజీలో ఆస్పెన్ విద్యా లైసెన్స్ ఉందని వినగానే సంబరపడకండి. ఆ ప్యాకేజీలో అడ్సార్ప్షన్ మాడ్యూల్ ఉందో లేదో ల్యాబ్ ఇన్‌చార్జిని అడిగాకే ప్రాజెక్టు పేరు రాయండి.

## జీప్రామ్స్

లండన్ ఇంపీరియల్ కాలేజీలో పుట్టి, 2019లో సీమెన్స్ చేతికి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇది. పోర్చుగల్‌లోని పోర్టో విశ్వవిద్యాలయం బృందం ప్రొపేన్-ప్రొపిలీన్ మీద చేసిన పేరున్న పనిలో దీన్ని బాగా వాడారు. సమీకరణాలను కాగితం మీద రాసినట్టే రాయొచ్చు, వాటిని ఎలా పరిష్కరించాలన్నది అది చూసుకుంటుంది. బెడ్, గుళిక, గుళికలోని స్ఫటికం అని మూడు స్థాయిల్లో వ్యాప్తి రాయాలంటే ఇంతకన్నా హాయిగా ఉండే చోటు లేదు. గుణకాల అంచనా, ఆప్టిమైజేషన్ లోపలే ఉన్నాయి.

మూల్యం డబ్బు రూపంలోనూ ఉంది, ఓపిక రూపంలోనూ ఉంది. ప్రారంభ విలువలు సరిగా లేకపోతే మోడల్ అసలు మొదలే కాదు. అప్పుడు వచ్చే ఎర్రర్ సందేశాలతో కుస్తీ పడుతుంటే కొత్తవారికి టెన్షన్ తప్పదు. గైడ్ దగ్గర ఇప్పటికే వాడినవారు ఉంటే తీసుకోండి. ఒంటరిగా మొదలుపెట్టేవారికి సొంత కోడే మేలు.

## కాంసోల్, రాస్పా

కాంసోల్ బలం జ్యామితిలో. రేడియల్ ఫ్లో బెడ్, మోనోలిత్, లోపల చల్లటి గొట్టాలున్న బెడ్ లాంటివి రెండు, మూడు కొలతల్లో చూడాలంటే అదే సరైనది. ఒక సైకిల్‌కు అద్భుతంగా ఉంటుంది. వందల సైకిళ్లు నడిపి స్థిరస్థితికి తేవాలంటే కంప్యూటర్ అలిసిపోతుంది. ప్రధాన సాధనంగా వద్దు.

రాస్పా అసలు వేరే ప్రశ్నకు జవాబు. స్ఫటిక నిర్మాణం ఇస్తే ఏ పీడనం దగ్గర ఎన్ని అణువులు పడతాయో మాంటే కార్లో పద్ధతిలో లెక్కిస్తుంది. శుద్ధ సిలికా జియోలైట్లలో ఆల్కేన్లకు ట్రాపీ లాంటి ఫోర్స్‌ఫీల్డులు (అణువుల మధ్య బలాలను చెప్పే సూత్రాలు) చక్కగా పనిచేస్తాయి. సోడియం అయాన్లున్న 13ఎక్స్‌లోనో, బహిరంగ లోహ స్థానాలున్న ఎంఓఎఫ్‌లలోనో (లోహ-కర్బన చట్రాల పదార్థాలు) ప్రొపిలీన్ డబుల్ బాండ్ ఆకర్షణను సాధారణ ఫోర్స్‌ఫీల్డులు తక్కువగా చూపుతాయి. మనకు ఎంపిక వస్తున్నదే ఆ ఆకర్షణ నుంచి. అందుకని వందల పదార్థాల్లోంచి పదింటిని ఏరడానికి వాడండి, ఆ అంకెలతో నేరుగా బెడ్ డిజైన్ చేయకండి.

## ఒక్క చూపులో

| దారి | కైనెటిక్స్ మార్చుకోవడం | రిన్స్, రీసైకిల్ దశలు | స్థిరస్థితికి వేగం | ఖర్చు | ఎక్కువగా నప్పేది |
|---|---|---|---|---|---|
| కాగితం లెక్క | లేదు | లేదు | అవసరం లేదు | లేదు | పీడనాలు, ఉష్ణోగ్రతల పరిధి |
| సొంత కోడ్ | పూర్తిగా | మీరే రాయాలి | బాగా రాస్తే చాలా వేగం | పైథాన్ ఉచితం | 4ఏ, ఆప్టిమైజేషన్ |
| ఆస్పెన్ అడ్సార్ప్షన్ | కొంత కష్టంగా | సులువు | బాగుంటుంది | ఎక్కువ | 13ఎక్స్, ప్లాంట్ పని |
| జీప్రామ్స్ | పూర్తిగా | శ్రమతో | బాగుంటుంది | ఎక్కువ | 4ఏ, అనుభవమున్న బృందం |
| కాంసోల్ | పూర్తిగా | కష్టం | నెమ్మది | ఎక్కువ | వింత ఆకారపు బెడ్లు |
| రాస్పా | సంబంధం లేదు | సంబంధం లేదు | సంబంధం లేదు | ఉచితం | పదార్థాల తొలి వడపోత |

## మీరెవరైతే ఏది

ఎంటెక్ విద్యార్థికి చేతిలో ఉండేది కొద్ది నెలలే. 13ఎక్స్ తీసుకుని, కాలేజీలో మాడ్యూల్ ఉంటే ఆస్పెన్, లేకపోతే పైథాన్‌లో బ్రేక్‌త్రూ వరకు. పూర్తి సైకిల్ ఆశపెట్టుకుని అరకొరగా ముగించడం కన్నా, వేడితో సహా సరిగా సరిపోయిన బ్రేక్‌త్రూ మంచి థీసిస్ అవుతుంది.

పీహెచ్‌డీ చేసేవారికి సొంత కోడే, సందేహం లేదు. నాలుగేళ్లలో అడ్సార్బెంట్ మారుతుంది, ప్రశ్న మారుతుంది, కోడ్ మీతో ఉంటుంది. మీ ఫలితాన్ని రివ్యూయర్ ప్రశ్నించినప్పుడు సమీకరణం చూపించగలగడం కూడా పెద్ద బలం.

ప్లాంట్ ఇంజినీర్‌కు ఆస్పెన్. అడ్సార్బెంట్ అమ్మే కంపెనీ ఇచ్చిన ఐసోథెర్మ్‌ను మాత్రం యథాతథంగా నమ్మవద్దు. మీ ఫీడ్‌లో సీ4 (నాలుగు కార్బన్లున్న) వాయువులు, తేమ, సల్ఫర్ కొద్దిగా ఉన్నా 13ఎక్స్ సామర్థ్యం పడిపోతుంది. స్వచ్ఛమైన వాయువులతో కొలిచిన ఐసోథెర్మ్‌లో అదేమీ కనబడదు.

కొత్త పదార్థం తయారుచేసిన కెమిస్ట్‌కు కాగితం లెక్కతో మొదలు. వర్కింగ్ కెపాసిటీ (పీడనం దించినప్పుడు చేతికొచ్చే మొత్తం) బాగుంటే సైకిల్ మోడల్ ఉన్న బృందంతో చేతులు కలపడం సొంతంగా నేర్చుకోవడం కన్నా త్వరగా తేలే పని.

## ఏది ఎంచుకున్నా నమ్మే ముందు

సైకిల్ స్థిరపడిందని కంప్యూటర్ చెబితే, ప్రొపిలీన్‌కు, ప్రొపేన్‌కు విడివిడిగా లోపలికి వెళ్లిన మోల్స్, బయటికి వచ్చిన మోల్స్ కూడండి. తేడా ఒక శాతం దాటితే స్వచ్ఛత అంకెకు విలువ లేదు. ముక్కల సంఖ్యను రెట్టింపు చేసి మళ్లీ నడపండి. స్వచ్ఛత కదిలితే మీరు చూస్తున్నది బెడ్‌ను కాదు, గ్రిడ్‌ను.

4ఏతో 150 డిగ్రీల దగ్గర నడిపేవారు ఇంకొకటి చూడాలి. ఆ వేడిలో ప్రొపిలీన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి బరువైన పదార్థాలుగా మారి రంధ్రాలను మూసేయగలవు. పైన చెప్పిన మోడళ్లలో ఏదీ మీరు ప్రత్యేకంగా రాస్తే తప్ప దీన్ని చూపదు. అందుకు ల్యాబ్‌లో అదే గుళికల మీద చాలా సైకిళ్లు నడిపి సామర్థ్యం కొలవాల్సిందే.

చివరగా శక్తి లెక్క. సిమ్యులేషన్ నివేదికల్లో తరచూ వాక్యూమ్ పంపు శక్తి మాత్రమే కనిపిస్తుంది, అదీ ఒకే స్థిర సామర్థ్యంతో. 0.1 బార్ దగ్గర వచ్చే ప్రొపిలీన్‌ను తర్వాతి యూనిట్‌కు కావలసిన పీడనానికి మళ్లీ కంప్రెస్ చేయాలి, రిన్స్‌కు వెనక్కి తిప్పే భాగాన్ని కూడా. ఫీడ్ వేడి చేయడానికి అయ్యే ఖర్చు కూడా చేర్చండి. స్వేదన కాలమ్‌లో ఉత్పత్తి పీడనంతోనే బయటికి వస్తుంది. కాబట్టి కాలమ్‌తో పోల్చే పట్టికలో ఈ మూడు వరుసలూ లేకపోతే ఆ పోలికను మేనేజర్ ముందు పెట్టకండి.